చనిపోయినవాళ్ల పేర్లు అచ్చయిన పొద్దు

నేను ముప్పై ఏళ్లు చేసిన పనికి మా ఇంట్లో సరైన పేరు ఎప్పుడూ దొరకలేదు. మా అవ్వ చివరిదాకా నేను టీవీలు బాగుచేస్తానని చుట్టుపక్కలవాళ్లకు చెప్పుకుంది. మా బాపు మగ్గం నేసేవాడు. ఆయన దృష్టిలో నాది "కరెంటు పని". నిజానికి నేను కంప్యూటర్ సర్వీసు ఇంజనీరును. డిప్లొమా చేతపట్టుకుని నల్లగొండలో ఒక చిన్న కంపెనీలో చేరాను. అక్కడే తల నెరిసింది, అక్కడే రిటైరయ్యాను.

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు దవాఖానలు, ఫోటో స్టూడియోలు, బడులు, చిన్నాచితకా ఆఫీసులు మా కంపెనీని పిలిచేవి. సంచిలో స్క్రూడ్రైవర్లు, రెండు పాత డిస్కులు, ఒక టిఫిన్ డబ్బా పెట్టుకుని బస్సెక్కడమే నా ఉద్యోగం. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఏ హోదా ఎప్పుడొచ్చిందో మీకు అక్కర్లేదు. ఒకే ఒక్క రకం పని గురించి చెబుతాను: పాత విండోస్‌ను కొత్త కంప్యూటర్‌లో లేపడం. ఆ పనిలో నేను చేసిన ఒక తప్పు గురించి కూడా చెబుతాను.

గుంట లేని ఇల్లు

స్విచ్ వేయగానే కంప్యూటర్‌లో ముందుగా మేలుకునేది విండోస్ కాదు. బోర్డు మీద ఒక చిన్న చిప్‌లో ఉండే ప్రోగ్రామ్ దానికంటే ముందు లేస్తుంది. అది డిస్కు దగ్గరికి వెళ్లి విండోస్‌ను లేపుతుంది. పాత పెట్టెల్లో ఆ చిప్ ప్రోగ్రామ్‌ను బయాస్ అనేవాళ్లం. కొత్తవాటిలో దాని జాగాలో యూఈఎఫ్ఐ అనే వేరే రకం వచ్చింది. రెండూ చేసేది ఒకే పని. కానీ లేపే పద్ధతి వేరు, పిలిచే భాష వేరు.

మా బాపుకి నేను ఇట్లా చెప్పాను. మనది గుంట మగ్గం. నేలలో గుంట ఉంటేనే కాళ్లు కిందికి పెట్టి తొక్కుడుచెక్కలు తొక్కగలం. కొత్త ఇంట్లో నేలంతా బండలు పరిచారనుకో, మగ్గం ఎంత మంచిదైనా ఏం లాభం? పాత విండోస్ ఆ గుంట కోసం వెతుక్కుంటుంది. కొత్త పెట్టెలో గుంట ఉండదు. కొన్నేళ్లపాటు కంప్యూటర్లు చేసేవాళ్లే పాతవాటి కోసం సెట్టింగుల్లో ఒక దొంగ గుంట పెట్టారు. దాన్ని తెరిస్తే పాత విండోస్ మోసపోయి లేచేది. ఆ తర్వాత అదీ తీసేశారు.

బాపు అంతా విని, "మరి కొత్త మగ్గమే కొనుక్కోవచ్చు గదా వాండ్లు," అన్నాడు. అందరూ అదే అడుగుతారు. కొనలేరు. ఎందుకంటే కంప్యూటర్‌కు తగిలించి ఉన్న యంత్రం పాతది, దాన్ని నడిపే ప్రోగ్రామ్ పాతది, ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్లు దుకాణం మూసేసి ఎటో పోయారు. యంత్రం మాత్రం మంచిగా పనిచేస్తూనే ఉంటుంది.

ఉన్నదాన్ని లేదన్న పెట్టె

కొత్త రకం చిప్ నాకు మొదటిసారి ఎదురైంది యాదగిరిగుట్ట కింద ఒక ఫోటో స్టూడియోలో. తెలంగాణ వచ్చిన కొత్త రోజులు. దర్శనానికి వచ్చిన కుటుంబాలను వరసగా నిలబెట్టి ఫోటో తీసి, అరగంటలో చేతికిచ్చే దుకాణం అది. యజమాని శంకరయ్య. పాత కంప్యూటర్ కాలిపోతే కొత్తది కొన్నాడు. ఫోటోలు అచ్చేసే ఆయన ప్రోగ్రామ్ మాత్రం పాత విండోస్ మీదే నడుస్తుంది. నేను పాత డిస్కు తీసి కొత్త పెట్టెలో బిగించి స్విచ్ వేశాను.

డిస్కు లేదంది కంప్యూటర్.

నా అరచెయ్యి డిస్కు మీదే ఉంది. లోపల పళ్లెం తిరుగుతున్న వణుకు చేతికి తెలుస్తోంది. అది వెచ్చగా, ప్రాణం ఉన్నట్టుగా ఉంది. తెర మీద మాత్రం ఏమీ లేదన్న మాటే. శంకరయ్య నా వెనక నిలబడి చూసి, "ఉన్నదాన్ని పట్టుకొని లేదంటాంది గదా మేడం," అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు. నేనేమో యంత్రాలు అబద్ధం చెప్పవని అప్పటిదాకా నమ్మినదాన్ని.

మా మేనేజర్ మోహన్‌రావు సారుకు ఫోన్ చేశాను. ఆయన చెప్పినట్టే సెట్టింగుల్లోకి వెళ్లి, తెలియనివాటిని లోపలికి రానివ్వని కాపలాను తీసేశాను. పాత పద్ధతిని తెరిచాను. డిస్కును చదివే తీరును పాతదానికి మార్చాను. మళ్లీ స్విచ్ వేస్తే తెర నల్లగా అయి, ఎడమ మూలన ఒక తెల్ల గీత మినుకుమినుకుమంటూ ఉండిపోయింది. చాలాసేపు అంతే. తర్వాత, ఎక్కడో నీళ్ల అడుగునుంచి పైకి వచ్చినట్టు, శంకరయ్య పాత తెర మెల్లగా తేలింది.

సారు ఫోన్‌లో అడిగింది ఒక్కటే మాట. "లేచిందా?"

"లేచింది సార్."

"అయితే ఎల్లిరా. పనైపోయింది."

మోహన్‌రావు సారు మంచి పనిమంతుడు. వాసన చూసి ఏ భాగం కాలిందో చెప్పేవాడు. ఆడపిల్లను ఊళ్లకు పంపుతారా అని ఖాతాదార్లు అంటే, "పని అయిందా లేదా జెప్పుండ్రి," అని నోరు మూయించేవాడు. కానీ 'లేస్తే పనైపోయినట్టే' అన్న ఆ ఒక్క మాట ఆయన మాకు తప్పుగా నేర్పాడు. నేను దాన్ని చాలా ఏళ్లు వేదంలా నమ్మాను.

తేదీ

కొత్తకోట దాటాక, హైవేకు కొంచెం లోపలగా ఒక చిన్న దవాఖాన ఉంది. పేరు రాయను. ఒక డాక్టరమ్మ, ముగ్గురు సిస్టర్లు, ఒక ల్యాబు. ల్యాబు చూసేది ఎస్తేరు. అప్పటికి ఆమెకు నలభై దాటి ఉంటాయి. వాళ్ల అమ్మానాయినలు సొంత చెలక లేక ఒకరి చేన్లలో కూలికి పోయినవాళ్లు. ఈమె చదువుకుని, ల్యాబ్ కోర్సు చేసి, ఆ దవాఖానలోనే ఉద్యోగంలో కుదురుకుంది. భర్త చనిపోయాడని విన్నాను. అంతకుమించి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

కరోనాకు ముందు సంగతి. అక్కడ రక్తకణాలు లెక్కపెట్టే యంత్రం ఒకటి ఉండేది. దాన్నుంచి కేబుల్ కంప్యూటర్‌కు, కంప్యూటర్ నుంచి ఇంకో కేబుల్ గోడకు చేసిన రంధ్రంలోంచి పక్క గదికి పోయేది. ఎందుకంటే ప్రింటర్ డాక్టరమ్మ బల్ల మీద ఉండేది. ఎస్తేరు ఇక్కడ నెత్తురు యంత్రానికి పెట్టి పేరు కొడితే, కాగితం అక్కడ డాక్టరమ్మ ముందు బయటికొస్తుంది. రోగులకు వరస నంబరు చీటీలు ఇచ్చేవాళ్లు. డాక్టరమ్మ కాగితం మీద ఆ నంబరు చూసి పిలిచేది.

ఆ కంప్యూటర్ బోర్డు పోయింది. కొత్త పెట్టె తెచ్చి పెట్టారు. నేను మధ్యాహ్నం చేరుకుని, యాదగిరిగుట్టలో చేసినట్టే చేశాను. కాపలా తీసి, పాత పద్ధతి తెరిచాను. రెండుసార్లు నీలం తెర వచ్చి ఆగింది. మూడోసారి లేచింది. పొద్దుగూకే లోపలే విండోస్ తేలింది. రక్తపరీక్ష ప్రోగ్రామ్ మాత్రం తెరుచుకోలేదు. అది పాత బోర్డును గుర్తుపట్టి నడిచే రకం. కొత్త బోర్డు మీద దానికి తాళంచెవి దొరకలేదు. చెవి లేకపోతే దానికి మొదట్లో పెట్టిన గడువు చూసుకుంటుంది. గడువు ఎప్పుడో దాటిపోయింది.

దీనికి మా పనిలో అందరికీ తెలిసిన కిటుకు ఒకటుంది. గడియారాన్ని వెనక్కి తిప్పితే సరి. ఇంకా గడువు తీరలేదనుకుని ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది. సారును అడిగితే, "ఏదో ఒక పాత తేదీ పెట్టు. లేస్తది," అన్నాడు.

ఆ రాత్రి సిస్టర్ల హాస్టల్లో పడుకుని, తెల్లారి దవాఖాన తెరిచేవేళకు తిరిగి ల్యాబులో కూర్చున్నాను. గడియారాన్ని ఏడేళ్లు వెనక్కి తిప్పాను. నెల, తేదీ ఏవి పెట్టాలని ఆలోచించలేదు. వేళ్లకు ఏది తగిలితే అది కొట్టాను. ప్రోగ్రామ్ తెరుచుకుంది. ప్రింటర్‌కు ఒక ఖాళీ పేజీ పంపాను, వచ్చింది. యంత్రం పచ్చ దీపం వెలిగించింది. నెత్తురు బొట్టు ఒక్కటి కూడా పెట్టి చూడలేదు.

"అయింది ఎస్తేరమ్మా, కానియ్యి," అన్నాను.

ఆరో నంబరు

రోగులు వరండాలో బెంచీల మీద కూర్చున్నారు. ఎస్తేరు ఒక్కొక్కరినే పిలిచి, నెత్తురు తీసి, యంత్రానికి పెట్టి, పేరు కొట్టి పంపిస్తోంది. ఆమె తెర మీద అంతా సరిగ్గానే కనబడుతోంది. నేను దవాఖాన ఆయా తెచ్చిన టీ తాగుతూ సామాను సర్దుకుంటున్నాను. నా మీద నాకు గర్వంగానే ఉంది.

ఆరో మనిషి ఒక లారీ డ్రైవరు. పాతికేళ్లుంటాయి. మోచేతి మడతలో దూది అదుముకుని ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. డాక్టరమ్మ గదిలో ఉండే సిస్టరు చేతిలో కాగితంతో వచ్చింది.

"అక్కా, గిదేంది? మీ ఇంటాయన పేరొచ్చింది దీని మీద."

ఎస్తేరు కాగితం తీసుకోలేదు. సిస్టరు చేతిలో ఉండగానే వంగి చదివింది. ఏసోబు. వయసు, ఊరు, కింద అంకెలు. చదివాక వేలితో ఒక అంకె కిందుగా తడిమింది.

"గిది ఆయన నెత్తురే," అంది.

సిస్టరు నవ్వబోయి ఆగిపోయింది.

"ప్లేట్‌లెట్లు ఇరవై రెండు వేలు. నేనే జేసిన గీ టెస్టు. నాకు మంచిగ యాదికున్నది." అప్పుడు నా వైపు తిరిగింది. "మేడం, కంప్యూటర్‌ల ఏ తేదీ పెట్టిన్రు?"

చెప్పాను.

"గా తేదీ మీకెవలు జెప్పిన్రు?"

"ఎవలు జెప్పలె. ఊకెనే పెట్టిన."

ఆమె పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. గొంతు మామూలుగానే ఉంది. "గా దినం పొద్దుగాల ఆయనకు జరమని నేనే తోల్కొచ్చిన. లైన్ల ఆరో నంబరు. తొమ్మిది దినాలకు పాణం బోయింది."

లారీ డ్రైవరు మా ముగ్గురినీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఫ్యాను తిరుగుతోంది. వరండాలో ఎవరో దగ్గారు. పట్టపగలు, ఎండ గదిలోకి పడుతోంది.

ఏం జరిగిందో అర్థం కావడానికి నాకు ఒక నిమిషం పట్టింది. ఆ ప్రోగ్రామ్ రోగిని తేదీతో, వరస నంబరుతో గుర్తుపెట్టుకుంటుంది. ఒకసారి డాక్టరుకు పంపిన రిపోర్టును మళ్లీ ఎవరూ మార్చకుండా తాళం వేస్తుంది. నేను పెట్టిన తేదీన, ఏడేళ్ల కింద, నిజంగానే జనం వచ్చారు. వాళ్ల రిపోర్టులు డిస్కులో తాళం పడి ఉన్నాయి. ఈ పొద్దు వచ్చినవాళ్లు మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యారు. తెర మీద కొత్త పేరు, కొత్త అంకెలు. పక్క గదిలో అచ్చయ్యేది మాత్రం ఆ పాత మనుషుల కాగితం.

ఆరో కాగితం మాకు దొరికింది. అంటే, అంతకుముందే అయిదు కాగితాలు డాక్టరమ్మ దగ్గరికి పోయాయి.

డాక్టరమ్మ గదిలోకి పరుగెత్తాం. నాలుగు కాగితాలు బల్ల మీదే ఉన్నాయి. డాక్టరమ్మ నంబర్లు, అంకెలే చూసింది గానీ చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు చూడలేదు. ఎస్తేరు ఒక్కో కాగితం మీద పేరు చూసి చెబుతూ పోయింది. "గీమె పోయింది. గీయన గూడ పోయిండు. గీ పిలగాడు ఉన్నడు, మొన్న కనవడ్డడు. గీమె... గీమె గూడ లేదు." ఆ సంవత్సరం ఆ వైపు జ్వరాలు బాగా వచ్చాయట. నేను వెతికి పెట్టినట్టు ఆ తేదీ పెట్టాను.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. ఒక్క మాట అడిగింది. "ముందుగాల మీకు జవాబు తెలిసిన నెత్తురుతోని ఒకసారి నడిపి చూసిన్రా?"

"లేదమ్మా."

"సరే. మూడో నంబరు కాయిదం ఏది?"

మూడో నంబరు లేదు. ఆ నంబరు మనిషి కాగితం తీసుకుని వెళ్లిపోయింది.

రక్తపరీక్ష యంత్రానికి సొంతంగా ఒక చిన్న తెర ఉంటుంది. అందులో చివరి పది లెక్కలు నిలిచి ఉంటాయి. అది కంప్యూటర్‌తో సంబంధం లేనిది, అది నిజం చెప్పింది. నలుగురి అంకెలు కొంచెం అటూఇటూ, ప్రమాదం లేదు. మూడో నంబరు మణెమ్మ. ఎనిమిదో నెల గర్భిణి. అత్త తోడుగా వచ్చింది. కాగితంలో ఆమె రక్తంలో హిమోగ్లోబిన్ పదకొండున్నర ఉన్నట్టు అచ్చయింది. డాక్టరమ్మ మంచిగనే ఉన్నదని చెప్పి పంపేసింది. యంత్రం చిన్న తెర మీద ఉన్నది అయిదు.

"నువ్వు పో ఎస్తేరూ, మొఖం గుర్తువడ్తవు," అంది డాక్టరమ్మ. "జల్ది."

మోరీ మీద

దవాఖాన బండి మహబూబ్‌నగర్ పోయి ఉంది. బయట ఉన్న ఆటో ఎక్కాం. కొత్తకోట బస్టాండులో వెతికితే మణెమ్మ వాళ్ల ఊరి బస్సు అప్పుడే పోయిందన్నారు. ఆటోను ఆ దారిన తిప్పాం. రెండు వైపులా వేరుశనగ చెలకలు, వాటి మధ్య గుండ్ల గుట్టలు. ఎదురుగా వచ్చే లారీల గాలికి ఆటో ఊగుతోంది.

ఎస్తేరు కమ్మీ పట్టుకుని నా వైపు వంగింది. "మేడం, ఆయన పేరు రాకుంటే మనకు తెలిసేది గాదు గదా."

నేను ఒక్కరోజు ముందుదో వెనుకదో తేదీ పెట్టి ఉంటే, ఆరో నంబరు ఇంకెవరో అయ్యేవాళ్లు. ఆ పేరు చూసి ఎవరూ ఉలిక్కిపడేవాళ్లు కాదు. నంబరు చూసి పిలుస్తూనే ఉండేవాళ్లు. ఆ మాట ఆలోచించడానికే భయమేసింది.

ఊరి దారి చీలిన చోట ఒక మోరీ, వాన నీళ్లు రోడ్డు కిందుగా పోయే చిన్న వంతెన, ఉంది. దాని గట్టు మీద ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని కనిపించారు. ఎస్తేరు ఆటో ఆగకముందే దిగింది. మణెమ్మ అత్త భుజానికి తల ఆనించి ఉంది. పెదవులు బూడిద రంగులో ఉన్నాయి.

"ఊపిరాడ్తలేదు అంటే బస్సు ఆపిచ్చి దిగినం బిడ్డా," అంది అత్త. "డాక్టరమ్మ నెత్తురు మంచిగున్నదన్నది. మరి గిట్లెందుకైతాంది పిల్లకు?" కొంగు ముడి విప్పి మడతపెట్టిన కాగితం తీసి చూపించింది.

"అవ్వా, ఆ కాయిదం ఈమెది కాదు," అన్నాను.

"మరెవలిది?"

ఎస్తేరు కాగితం మీది పేరు చదివి, "గీమె గూడ పోయింది," అని నా చెవిలో చెప్పి తల తిప్పుకుంది. చెప్పాల్సింది నేనే.

"చచ్చిపోయిన ఒకామెది. తప్పు నాదే అవ్వా. కంప్యూటర్‌ల పాత తేదీ పెట్టిన. మీ కోడలికి నెత్తురు శాన తక్కువున్నది. ఇప్పుడే మళ్ల దవాఖానకు పోవాలె."

ముసలామెకు తేదీ సంగతి అర్థమైందో లేదో నాకు తెలియదు. చచ్చిపోయినామె కాగితమన్నది అర్థమైంది. కాగితాన్ని రెండు వేళ్లతో ఎత్తిపట్టి, కోడలి తల చుట్టూ మూడుసార్లు తిప్పింది. మోరీ పక్కన ఒక రాయి లేపి, దాని కింద కాగితం పెట్టి, మళ్లీ రాయి దించింది.

"ఆమెది ఆమె తీస్కపోనీ," అంది. "నడువుండ్రి."

నేను ఇంజనీరును. అలాంటివి నమ్మను. కానీ ఆటో కదిలాక వెనక్కి తిరిగి చూశాను. రాయి కిందినుంచి కాగితం అంచు ఒకటి పైకి లేచి, పడుతూ, లేస్తూ ఉంది. చెలకల్లో ఆకు కదలడం లేదు. ముందు పోయిన లారీ గాలి కావచ్చు.

మణెమ్మను ఆ మధ్యాహ్నమే మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు పంపారు. మూడు సీసాల రక్తం ఎక్కించారట. నెల తిరక్కుండా ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ బాగున్నారని ఎస్తేరు ఫోన్ చేసి చెప్పింది. ఆ ఫోన్ వచ్చేదాకా నేను సరిగ్గా అన్నం తినలేదు.

సారు

ఆ సాయంత్రం మోహన్‌రావు సారుకు జరిగింది చెప్పాను. ఆయన "ప్రింటర్ ఖరాబైందని జెప్పు," అన్నాడు. "మిషన్ మనది గాదు, ప్రోగ్రామ్ మనది గాదు. నువ్వు లేపినవ్, గంతే."

"నేను జెప్పేసిన సార్. తప్పు నాదని."

"గిన్నేండ్ల సర్వీసు నీది. గింత తెల్వదా నీకు?"

ఆ దవాఖాన మా కంపెనీతో తెగదెంపులు చేసుకుంది. సారు నెల రోజులు నాతో పనిమాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. నాకు కోపం రాలేదని చెబితే అబద్ధం. కానీ ఆయన భయమేమిటో నాకు తెలుసు. కంపెనీలో పదిమంది పనివాళ్ల జీతాలు ఆయన చూసుకోవాలి. ఆ తర్వాత ఒకరోజు దేవరకొండ నుంచి ఫోన్ చేసి పని అయిందని చెబితే, ఆయన "లేచిందా?" అన్నాక ఫోన్ పెట్టేయలేదు. "తెలిసినదేదన్న ఒకటి పెట్టి చూసినవా?" అని అడిగాడు. ఆ కొత్తకోట సంగతి మేమిద్దరం మళ్లీ ఎప్పుడూ ఎత్తుకోలేదు. ఆ ప్రశ్న మాత్రం ఆయన రిటైరయ్యేదాకా అడుగుతూనే ఉన్నాడు.

మీకు నేను చెప్పేది కూడా అదే. ఇప్పుడొచ్చే పెట్టెల్లో పాత పద్ధతి అసలు ఉండదు. మీరు కొత్త విండోస్ లోపలే పాత విండోస్‌కు ఒక గది కట్టి, అందులో దాన్ని నడిపిస్తారు. అది మా పద్ధతి కంటే మేలు. అయినా అక్కడా తేదీ మీ చేతిలోనే ఉంటుంది. గడియారానికి అబద్ధం చెప్పకండి. తాళంచెవి లేకపోతే లేదని చెప్పండి, ప్రోగ్రామ్ అమ్మినవాళ్లకు రాసి అడగండి, వచ్చేదాకా ఆగండి. ఆ దవాఖానలో తర్వాత అదే చేశాం. నేను సెలవు రోజు సొంతంగా వెళ్లి, తేదీ సరిచేసి, ప్రోగ్రామ్ మూసేశాను. చెవి వచ్చేదాకా నెత్తురు సీసాలు వనపర్తికి పంపారు. జనం ఇబ్బంది పడ్డారు. పడనివ్వండి. పాతది లేచి కూర్చున్నప్పుడు దాన్ని వెంటనే నమ్మకండి. అది ఏ రోజున్నాననుకుంటోందో ముందు అడగండి.

తుడవడం

కరోనా మొదటి గాలి తగ్గాక దవాఖానవాళ్లు కొత్త రక్తపరీక్ష యంత్రం కొన్నారు. పాత డిస్కు నిండా రోగుల వివరాలున్నాయి కాబట్టి తుడిచేసి ఇవ్వమని డాక్టరమ్మ నాకే ఫోన్ చేసింది. కంపెనీకి కాదు, నాకు. వెళ్లాను. ఎస్తేరు జుట్టు బాగా నెరిసింది. మణెమ్మ బిడ్డ నడుస్తోందని చెప్పింది.

డిస్కు తగిలించి, తుడిచే ప్రోగ్రామ్ సిద్ధం చేశాక, ఎస్తేరు నా పక్కన నిలబడింది.

"అక్కా, తుడిచే ముందుగాల గా దినం లిస్టు ఒక్కసారి తీస్తవా?"

తీశాను. పదకొండు పేర్లు వచ్చాయి. ఆమె తెరకు దగ్గరగా వంగి, చదవడం మొదలుపెట్టింది. పైకే చదివింది. గుడిలోనో చర్చిలోనో చదివినట్టు కాదు, రోజూ ల్యాబులో చదివినట్టే. పేరు, ఊరు. పేరు, ఊరు. ఆరో పేరు దగ్గర గొంతు ఆగుతుందేమోనని నేను చూశాను. ఆగలేదు. ఏసోబు అన్న పేరు మిగతా పేర్లలాగే వచ్చి పోయింది. ఒక్కో పేరు చదివాక ఆమె కొంచెం ఆగుతోంది, అవతలివాళ్లు పలకడానికి వ్యవధి ఇస్తున్నట్టు. పదకొండు పేర్లూ అయిపోయాయి.

"ఇగ తుడువు," అంది.

తుడిచాను. తెర మీద గీత ఒకటి ఎడమ నుంచి కుడికి మెల్లగా నిండింది. ఆమె అది పూర్తయ్యేదాకా ఆగలేదు. చేతులు కడుక్కుని, కొత్త సూది తీసి పెట్టుకుని, తలుపు తెరిచింది. వరండాలోకి వంగి చీటీ చూసి, "చెన్నమ్మ," అని పిలిచింది.

కాసేపు ఎవరూ పలకలేదు. ఎస్తేరు తలుపు పట్టుకుని అట్లాగే నిలబడింది.

బెంచీల చివరినుంచి ఒక గొంతు, "ఉన్న బిడ్డా. వస్తున్న," అంది.